పాపకి జ్వరం వస్తే ఎవరు చూస్తారు?

(సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంటర్వ్యూలు, ఉద్యోగాలు, స్త్రీలు అన్న అంశంపై మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరు నవ్వుతూ "సాఫ్ట్‌వేర్ వాళ్ల బాధలు మనకెందుకండీ, వాళ్లకేం తక్కువ?" అన్నారు. ఆమెని తప్పుపట్టను. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. శ్రామిక స్త్రీ అనగానే మనకి బీడీలు చుట్టే స్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే స్త్రీలు, మిరపకాయలు కోసే కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు గుర్తుకొస్తారు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి గుర్తుకు రాదు. ఆ అమ్మాయి కష్టం బీడీ కార్మికురాలి కష్టంతో సమానమని చెప్పడానికి నేను రాలేదు. సమానం కాదు. కానీ "ఇక్కడ ప్రతిభ ఒక్కటే చూస్తాం, ఆడా మగా తేడా లేదు" అని గట్టిగా చెప్పుకునే రంగం ఇది. ఆ మాట ఎంతవరకు నిజమో పరీక్షించి చూడటం మన పని. అందుకు ఇంటర్వ్యూ గదికన్నా మంచి చోటు లేదు.

మా ఇంట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మా అక్క కూతురు గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదివింది. 2011లో క్యాంపస్ ఎంపికలో హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో చేరింది. ఎనిమిదేళ్లు పనిచేసింది. 2018లో పాప పుట్టింది. సెలవు అయ్యాక మళ్లీ చేరి ఏడాదిపాటు ఈడ్చుకొచ్చి, 2019 చివరలో మానేసింది. 2023లో మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒక పెద్ద కంపెనీలో మూడు రౌండ్లు దాటి చివరి రౌండుకి వచ్చింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "పిన్నీ, అన్నిటికీ బాగా చెప్పాను. చివర్లో ఒక్క ప్రశ్న దగ్గర ఇరుక్కుపోయాను" అంది.

ఆ ప్రశ్న కంప్యూటర్లకి సంబంధించింది కాదు. "పాపకి జ్వరం వస్తే ఎవరు చూస్తారు?" అని అడిగారట. అడిగింది కూడా ఒక స్త్రీయే, చాలా మర్యాదగా అడిగిందట.

అదే నెలలో ఆ అమ్మాయి భర్త కూడా ఉద్యోగం మారడానికి వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఆ పాపకి తండ్రి అతనే. జ్వరం సంగతి అతన్నెవరూ అడగలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్లుగా స్త్రీల శ్రమ గురించి రాస్తున్నదాన్ని, పాఠాలు చెబుతున్నదాన్ని. ఆ ఫోన్లో ఆమెకి నేనిచ్చిన సలహా ఏమిటో తెలుసా? "ఇంకోసారి అడిగితే అమ్మ మా దగ్గరే ఉంటుంది, అన్నీ ఆవిడే చూసుకుంటుంది అని చెప్పెయ్యి" అన్నాను. అప్పటికి మా అక్క గుంటూరులో ఉంది, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని స్థితిలో ఉంది. అంటే అబద్ధం చెప్పమన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు నేను పడిన ఇబ్బందే నన్ను ఈ ప్రసంగం దాకా తీసుకొచ్చింది.

పరీక్ష ఎవరి కోసం తయారైంది?

పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే సాధారణంగా మూడు నాలుగు అంచెలు. మొదట కంప్యూటర్ మీద పరీక్ష. తర్వాత ఒకరో ఇద్దరో ఎదురుగా కూర్చుని లెక్క ఇస్తారు, దాన్ని వాళ్ల కళ్ల ముందే బోర్డు మీదో తెర మీదో పరిష్కరిస్తూ, ఏం ఆలోచిస్తున్నామో పైకి చెబుతూ ఉండాలి. చివరికి హెచ్.ఆర్. వాళ్లతో సంభాషణ. చూడటానికి ఇంతకన్నా నిష్పాక్షికమైన పద్ధతి ఏముంటుంది అనిపిస్తుంది.

కానీ ఈ పనికి ఎవరు పనికొస్తారన్న ఊహ ఎప్పుడూ ఒకేలా లేదు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు, దానికి ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు స్త్రీలు. యంత్రాన్ని తయారుచేయడం మగవాళ్ల పని, గొప్ప పని. దానికి ఏం చెయ్యాలో చెప్పడం గుమాస్తా పని లాంటిది, కాబట్టి ఆడవాళ్లకి ఇవ్వొచ్చు అనుకున్నారు. ఆ ఆరుగురి పేర్లు దశాబ్దాల తర్వాత గానీ బయటికి రాలేదు.

ఆ పని విలువ, జీతం పెరిగేసరికి ఊహ మారింది. 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మంచి ప్రోగ్రామర్‌ని ఎలా గుర్తించాలో తేల్చడానికి 1,378 మందిని పరిశీలించారు. వాళ్లలో స్త్రీలు 186 మందే. చిక్కుముళ్లు విప్పడం ఇష్టం, మనుషులతో మెలగడం అయిష్టం: ఇవీ ప్రోగ్రామర్ లక్షణాలు అని తేల్చారు. అప్పటికే ఆ ఉద్యోగాల్లో ఎక్కువగా ఉన్నది మగవాళ్లు. వాళ్ల స్వభావాన్ని కొలిచి, దాన్నే ప్రతిభకు గుర్తు అన్నారు. అలాంటి ప్రశ్నపత్రాలు కంపెనీల నియామకాల్లోకి వచ్చాయి. ఉన్నవాళ్లలాంటి వాళ్లనే మళ్లీ తీసుకోవడానికి శాస్త్రం తోడయింది.

ఇది పాత కథ కాదు. ఉద్యోగ దరఖాస్తులను వడపోయడానికి అమెజాన్ కంపెనీ తయారుచేసుకున్న ఒక ప్రోగ్రాము సంగతి 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులు చూసి అది నేర్చుకుంది. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవి. దాంతో, దరఖాస్తులో "మహిళల" అన్న మాట ఉంటే చాలు, ఉదాహరణకి మహిళల చదరంగం క్లబ్బు నాయకురాలు అని ఉంటే, మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి ఆ ప్రయత్నాన్ని కంపెనీ మానుకుంది. యంత్రానికి పితృస్వామ్యం ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ఉన్న లోకాన్ని చూపించారంతే.

బోర్డు ముందు నిలబడి లెక్క చెయ్యడం గురించి కూడా ఒక పరిశోధన ఉంది. 2020లో అమెరికాలో 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఒకే రకం లెక్క ఇచ్చారు. కొందరు పరీక్షకుడి ముందు, మాట్లాడుతూ చెయ్యాలి. కొందరు గదిలో ఒంటరిగా చెయ్యాలి. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు విద్యార్థుల ఫలితం సగానికి పడిపోయింది. పరీక్షకుడి ముందు చేసిన స్త్రీలు అందరూ తప్పారు. ఒంటరిగా చేసిన స్త్రీలు అందరూ నెగ్గారు. చిన్న బృందం కాబట్టి దీని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. కానీ ఒక ప్రశ్న మాత్రం తప్పదు. ఆ గదిలో కొలుస్తున్నది లెక్క వచ్చా రాదా అన్నదా, లేక అపరిచితుడైన మగవాడు చూస్తుండగా తడబడకుండా మాట్లాడటం వచ్చా అన్నదా? ఆ రెండోది మన ఆడపిల్లలకి ఎక్కడ నేర్పాం? నలుగురిలో గొంతెత్తి మాట్లాడితే "ఏంటా నోరు" అని కసిరిన ఇళ్ల నుంచే కదా వాళ్లు వస్తున్నారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లకి ఇంగ్లీషు భయం దీనికి అదనం.

మరో తయారీ ఖర్చు కూడా ఉంది. ఈ లెక్కలకి నెలల తరబడి రోజూ రెండు మూడు గంటలు సాధన చెయ్యాలి. మా అమ్మాయి పాప నిద్రపోయాక రాత్రి పదిన్నరకి మొదలుపెట్టేది. ఆమె భర్త ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, తలుపు వేసుకునేవాడు. ఇద్దరూ రాసింది ఒకే రకం పరీక్ష. ఇంటర్వ్యూ తీరికని కూడా కొలుస్తుంది, దానికి ప్రతిభ అని పేరు పెడుతుంది.

కుటుంబ నేపథ్యం అనే ప్రశ్న

చివరి రౌండులో "మీ కుటుంబం గురించి చెప్పండి" అంటారు. మాట కలపడానికి అడిగినట్టే ఉంటుంది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు పెద్ద ప్రైవేటు కంపెనీల్లో నియామకాలు చేసే అధికారులతో మాట్లాడి 2007లో ఒక వ్యాసం రాశారు. మేం ప్రతిభ మాత్రమే చూస్తామని చెప్పిన అధికారులే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం తెలుసుకోవడం చాలా ముఖ్యమని కూడా చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, ఎక్కడ పెరిగారు, ఇంట్లో ఎవరేం చదివారు: ఈ జవాబుల్లోంచి కులం, వర్గం, ఊరు అన్నీ తెలిసిపోతాయి. ఆ ఏడాదే సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనంలో, ఒకే అర్హతలతో పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకి దరఖాస్తులు పంపారు. అగ్రకులాల పేర్లున్న దరఖాస్తులకి పిలుపు వచ్చినంతగా దళిత పేర్లున్న వాటికి రాలేదు. ఇంటర్వ్యూ దాకా రానివ్వకుండానే వడపోత అయిపోతోంది.

దళిత స్త్రీ ఈ గదిలోకి వచ్చినప్పుడు కుటుంబ ప్రశ్న ఆమెకి రెండువైపులా పదునున్న కత్తి. తండ్రి కూలీ అని చెబితే ఒక ముద్ర, పెళ్లయిందని చెబితే ఇంకొక ముద్ర. ఐటీ కంపెనీల్లో స్త్రీలు అని మనం ఒక్క మాటలో అనేటప్పుడు ఈ తేడా మరచిపోకూడదు.

పెళ్లి, గర్భం గురించిన ప్రశ్నలు కొత్తవి కావు. 1974లో పూనాలోని టెల్కో కంపెనీ ఇంజనీర్ల కోసం ప్రకటన ఇస్తూ స్త్రీలు దరఖాస్తు చెయ్యనక్కరలేదని రాసింది. అప్పుడు బెంగుళూరులో ఎం.ఇ. చదువుతున్న సుధామూర్తి, జె.ఆర్.డి. టాటాకి పోస్టుకార్డు రాసి నిలదీశారు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇది మనందరికీ తెలిసిన కథే. తర్వాతి కథ తక్కువగా చెప్పుకుంటాం. 1981లో ఆమె దాచుకున్న 10,000 రూపాయలతో భర్త, ఆయన మిత్రులు సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టారు. భార్యాభర్తలిద్దరూ అదే కంపెనీలో ఉండకూడదన్నారు. బయట ఉండిపోయింది ఇంజనీరైన ఆమే.

రెండో ఉదాహరణ నీరా మాథుర్ కేసు. ఎల్.ఐ.సి.లో ఉద్యోగంలో చేరే స్త్రీలు నింపాల్సిన పత్రంలో నెలసరి వివరాలు, గర్భం వివరాలు అడిగేవారు. ఆమె గర్భం సంగతి దాచింది. ప్రసూతి సెలవు అడిగాక ఆ విషయం బయటపడి ఉద్యోగం తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది. అసలు తప్పు ఆ పత్రంలోనే ఉందని, ఆ ప్రశ్నలు స్త్రీలని అవమానపరిచేవని, వాటిని తొలగించమని చెప్పింది. ఈ తీర్పు చదివినప్పుడు నా మనసు కొంత తేలికపడింది. అబద్ధం చెప్పినామె తప్పు తర్వాత, ఆ అబద్ధం చెప్పక తప్పని పరిస్థితి తెచ్చిన ప్రశ్న తప్పు ముందు.

చేరిన తర్వాత

ఉద్యోగం దొరికితే కథ అయిపోదు. అమెరికాలో పగలైనప్పుడు ఇక్కడ రాత్రి. రాత్రి తొమ్మిదింటి మీటింగులు ఈ ఉద్యోగంలో భాగం. ఏడాది చివర పనితీరుకి రేటింగ్ ఇస్తారు. జీతం పెరగడం, ప్రమోషన్, ఒక్కోసారి ఉద్యోగం నిలవడం దాని మీదే ఆధారపడతాయి. ఆరు నెలలు ప్రసూతి సెలవులో ఉన్నామెను పన్నెండు నెలలు పనిచేసినవాడి పక్కన నిలబెట్టి పోలుస్తారు. మా అమ్మాయికి ఆ సంవత్సరం అన్నిటికన్నా కింది రేటింగ్ వచ్చింది. సెలవు ఇచ్చారు కదా, చట్టం ఉల్లంఘించలేదు కదా అన్నారు.

రాత్రి ప్రయాణం ఇంకొక సమస్య. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని క్యాబ్‌లో అపహరించి అత్యాచారం చేశారు. ఆ తర్వాత ఏడాది షీ టీమ్స్ వచ్చాయి. మంచిదే. కానీ ప్రతి సంఘటన తర్వాతా చాలా ఇళ్లల్లో వినిపించే మాట "ఆ ఉద్యోగం మానెయ్యి" అన్నదే. క్యాబ్ ఏర్పాటు కంపెనీ బాధ్యత అని ఎవరూ మొదట అనరు.

ఇక జ్వరం ప్రశ్నకి వద్దాం. కంపెనీ ఎందుకడుగుతుంది? 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. మనమంతా సంతోషించాం. కానీ ఈ.ఎస్.ఐ. పరిధిలో లేని ఉద్యోగుల విషయంలో ఆ జీతం మొత్తం యజమానే భరించాలి. తండ్రికి సెలవు ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం ప్రైవేటు యజమాని మీద పెట్టలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ పద్ధతినే కొనసాగించింది. అంటే బిడ్డ అన్నది తల్లి ఖర్చు, తల్లిని తీసుకున్న కంపెనీ ఖర్చు అని చట్టమే లెక్క కట్టింది. ఆ లెక్కే ఇంటర్వ్యూలో ప్రశ్నగా మారుతోంది. ఖర్చుని సామాజిక బీమా ద్వారా అందరూ పంచుకునేలా, సెలవుని తండ్రి కూడా తీసుకునేలా చెయ్యకపోతే మనం సాధించిన హక్కే మన పిల్లలకి అడ్డుగోడ అవుతుంది.

ఇదే ప్రపంచంలో వేరేలా కూడా జరిగింది. 1962లో ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. పిల్లల కోసం ఉద్యోగాలు మానేసిన ప్రోగ్రామర్లకి ఇంటి దగ్గర్నుంచే పని ఇచ్చింది. మొదటి 300 మంది సిబ్బందిలో మగవాళ్లు ముగ్గురే. స్టెఫనీ అని సంతకం పెడితే ఉత్తరాలకి జవాబు రాకపోయేసరికి స్టీవ్ అని పెట్టడం మొదలుపెట్టింది. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్‌కి ప్రోగ్రాము రాసింది ఈ తల్లులే. పిల్లలున్న స్త్రీ ఈ పనికి పనికిరాదన్న వాదానికి అరవై ఏళ్ల కిందటే జవాబు దొరికింది.

ఆ ఇంటి వెనక ఎవరు?

మా అమ్మాయికి ఐదో ప్రయత్నంలో ఉద్యోగం వచ్చింది. దాంతో నేను చెప్పమన్న అబద్ధం నిజమైంది. మా అక్క గుంటూరులో ఇల్లు తాళం వేసి, అరవై మూడేళ్ల వయసులో ఏడో అంతస్తులో మనవరాలితో ఉంటోంది. వంటకి, పాప పనికి పాలమూరు నుంచి వచ్చి బస్తీలో ఉంటున్న ఒకామె వస్తుంది. ఆమెకి ఇద్దరు పిల్లలు. వాళ్లకి జ్వరం వస్తే ఎవరు చూస్తారని మేమెవరమూ అడగలేదు. ఒకరోజు ఆమె రాకపోతే మాత్రం మా ఇంట్లో ఫోన్లు మోగుతాయి.

ఆఫీసులోనూ అంతే. అద్దాల భవనంలో నేలలు తుడిచే స్త్రీలు, క్యాంటీన్‌లో పనిచేసే స్త్రీలు కాంట్రాక్టరు మనుషులు. కంపెనీ ఉద్యోగుల జాబితాలో వాళ్లుండరు. ఒక స్త్రీ ఎదుగుదల ఇంకో ఇద్దరు స్త్రీల తక్కువ జీతం మీద, జీతమే లేని చాకిరీ మీద నిలబడితే దాన్ని విముక్తి అనలేం. అందుకే ఇది మన సంఘాల విషయం.

మనం చెయ్యగల పనులు

మొదటిది. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యురాలుండాలి. ఇక్కడున్న మీలో కొందరు అలాంటి సభ్యులే. ఆ చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టు మనిషి కూడా. నేల తుడిచే ఆమెకి ఈ కమిటీ ఉందని తెలుసా, తెలుగులో నోటీసు ఉందా అని మీరు మొదటి సమావేశంలోనే అడగండి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. ఈ మాట కూడా అందరికీ చెప్పండి.

రెండోది. 50 మంది ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చని చట్టం చెబుతోంది. అందులో కాంట్రాక్టు స్త్రీల పిల్లలకి కూడా చోటు అడగాలి.

మూడోది. జీతంలోనూ, నియామకంలోనూ స్త్రీ అని వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. కానీ ఫలానా ప్రశ్న అడగకూడదని అందులో రాయలేదు. పెళ్లి, గర్భం, పిల్లల పెంపకం గురించి ఇంటర్వ్యూలో అడగడం నిషేధించాలని మనం డిమాండ్ చెయ్యాలి. అప్పటిదాకా, అలా అడిగిన సందర్భాలను తేదీతో సహా రాసిపెట్టుకోమని అమ్మాయిలకి చెప్పాలి. విడివిడిగా అవి ఒక్కొక్క అమ్మాయి అవమానం. ఒకచోట చేరిస్తే సాక్ష్యం.

నాలుగోది మన ఇళ్లల్లో. పని మనిషికి వారానికొక రోజు సెలవు, జబ్బు చేస్తే జీతం కోయకపోవడం మనతోనే మొదలవ్వాలి. మా ఇంట్లో ఇది ఈ ఏడాదే మొదలైందని ఒప్పుకోడానికి సిగ్గుపడుతున్నాను.

చివరగా ఒక్క మాట. ఐదో ఇంటర్వ్యూలో కూడా మా అమ్మాయిని అదే ప్రశ్న అడిగారు. నా సలహా ఆమె పాటించలేదు. "మా ఆయన, నేను వంతులవారీగా చూస్తాం. మీ దగ్గర మగవాళ్లు పిల్లల కోసం సెలవు పెడితే ఇస్తారా?" అని తిరిగి అడిగిందట. ఎదుటివాళ్లు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఉద్యోగం వచ్చింది. ఆ జవాబు వల్ల వచ్చిందో, ఆ జవాబు ఉన్నా వచ్చిందో చెప్పలేను. వంతులు మాత్రం ఇంకా సరిగ్గా అమలు కావడం లేదు, మా అక్క గుంటూరు తిరిగి వెళ్లనూ లేదు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

మీ అనుభవాలు కూడా చెప్పండి. చర్చిద్దాం.